పారాట్రాన్సిట్ ఛార్జీలు భారంగా ఉన్నవాళ్ళ కోసం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకి డిసేబిలిటీ ఫారాలు నింపడంలో సాయం చేస్తుంటాను, పారాట్రాన్సిట్ (డిసేబిలిటీ వల్ల మామూలు బస్సు వాడలేనివాళ్ళని ఇంటి నుంచి తీసుకెళ్ళే వ్యాన్ సర్వీస్) గురించి నెలనెలా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు, దేనికి అదే పూర్తిగా ఉంటుంది. మీ ఊళ్ళో బస్సులు నడిపే ఏజెన్సీ రేట్లు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసేముందు వాళ్ళకి ఒక ఫోన్ కొట్టండి.

## అసలు ఇదేంటి, ఎవరికి

పారాట్రాన్సిట్ అంటే ముసలివాళ్ళకి పంపించే వ్యానేనా? మా అమ్మకి 74 ఏళ్ళు, వస్తుందా?

వయసుతో సంబంధం లేదండి. 1990లో వచ్చిన ఏడీఏ (డిసేబిలిటీ ఉన్నవాళ్ళ హక్కుల చట్టం) ప్రకారం రూట్ల మీద మామూలు సిటీ బస్సులు నడిపే పబ్లిక్ ఏజెన్సీ, డిసేబిలిటీ వల్ల ఆ బస్సు వాడలేనివాళ్ళకి ఇంటి నుంచి తీసుకెళ్ళే సర్వీస్ కూడా నడపాలి. బస్సు రూటుకి అటూ ఇటూ ముప్పావు మైలు లోపల, బస్సులు తిరిగే రోజుల్లో, తిరిగే వేళల్లో అది ఉండాలి, ముందు రోజు ఫోన్ చేసినా రైడ్ ఇవ్వాలి, ఎందుకు వెళ్తున్నారని అడగకూడదు. డాక్టర్ దగ్గరికైనా గుడికైనా కూరగాయలకైనా ఒకటే. అమ్మగారు స్టాప్ దాకా నడవలేకపోవడం, చూపు లేక దారి పోల్చుకోలేకపోవడం, మతిమరుపు జబ్బు వల్ల ఎక్కడ దిగాలో తెలియకపోవడం, ఇలాంటివి చూస్తారు. 74 ఏళ్ళు అన్న ఒక్క కారణంతో ఇవ్వరు, అలాగే 30 ఏళ్ళవాళ్ళకి వయసు చూసి కాదనరు.

బస్సు టికెట్ 2 డాలర్లు, ఈ వ్యాన్‌కి 4 అడుగుతున్నారు. ఇది కరెక్టేనా, ఎవరైనా మోసం చేస్తున్నారా?

మోసం కాదు, చట్టం అంతవరకు ఒప్పుకుంటుంది. అదే దారిలో బస్సుకి పడే ఫుల్ ఛార్జీకి రెట్టింపు దాకా వసూలు చేసుకోవచ్చు, అంతకు మించి చేయకూడదు. కొన్ని ఊళ్ళు రెట్టింపు తీసుకోవు, న్యూయార్క్‌లో యాక్సెస్-ఎ-రైడ్ అనే అక్కడి పారాట్రాన్సిట్‌కి సబ్‌వే ఛార్జీ ఎంతో అంతే. లాస్ ఏంజెలెస్ కౌంటీలో యాక్సెస్ సర్వీసెస్ 20 మైళ్ళ లోపు 2.75, ఆ పైన 3.50 డాలర్లు తీసుకుంటుంది.

నాకు బాధ కలిగించేది ఏంటంటే, బస్సు ఎక్కగలిగినవాళ్ళు ఒక వంతు కడుతున్నారు, ఎక్కలేనివాళ్ళు రెండు వంతులు కడుతున్నారు, ఆ ఎక్కలేనివాళ్ళలో చాలామంది ఎస్ఎస్ఐ (ఆదాయం తక్కువ ఉన్న పెద్దవాళ్ళకి, డిసేబిలిటీ ఉన్నవాళ్ళకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) మీద బతికేవాళ్ళు. 2026లో ఒంటరి మనిషికి ఫెడరల్ ఎస్ఎస్ఐ నెలకి గరిష్ఠంగా 994 డాలర్లు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళి వచ్చే మనిషి నెలకి దాదాపు 26 ట్రిప్పులు చేస్తారు, 4 డాలర్ల చొప్పున 104 డాలర్లు. అంటే వచ్చిందాంట్లో పదో వంతు పైగా వ్యాన్‌కే పోతుంది, అదీ ఇంకెక్కడికీ కదలకుండా.

మాకు ఆదాయం లేదని చూపిస్తే ఎలిజిబిలిటీ తొందరగా వస్తుందా?

రాదు. ఎలిజిబిలిటీకి డబ్బుతో పని లేదు, బస్సు వాడగలరా లేదా అన్నదే చూస్తారు. బాగా ఉన్నవాళ్ళకీ వస్తుంది. ఆదాయం చూసేది ఛార్జీ తగ్గింపుకి మాత్రమే, దానికి చాలా ఊళ్ళలో వేరే అప్లికేషన్ పెట్టాలి. ఈ రెండూ ఒకటే అనుకుని మొదటిది రాగానే ఆగిపోయి, ఏళ్ళ తరబడి పూర్తి ఛార్జీ కడుతున్న ఇళ్ళు ఉన్నాయి, దయచేసి రెండోది కూడా పెట్టండి.

నాన్నకి గ్రీన్ కార్డ్ వచ్చి ఏడాదే అయింది. అప్లై చేస్తే ఇమిగ్రేషన్‌కి ఏమైనా ఇబ్బందా?

ఏడీఏ పారాట్రాన్సిట్ పేదల పథకం కాదు, పౌర హక్కుల చట్టం కింద నడిచే రవాణా. అర్హతలో ఇమిగ్రేషన్ స్టేటస్ అన్న మాటే లేదు, గ్రీన్ కార్డ్ వచ్చిన మర్నాడే అప్లై చేసుకోవచ్చు. ఎస్ఎస్ఐ, మెడికెయిడ్ (ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) లాంటివి వేరు. గ్రీన్ కార్డ్ మీద వచ్చిన పెద్దవాళ్ళకి చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్‌కి 5 ఏళ్ళు ఆగాలి, ఎస్ఎస్ఐకి మామూలుగా 40 క్వార్టర్ల (దాదాపు పదేళ్ళ) పని రికార్డ్ కానీ సిటిజన్‌షిప్ కానీ కావాలి. ఆదాయం చూసి ఇచ్చే సాయం ఏది తీసుకోవాలన్నా ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి, ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఆ రూల్స్ మార్చేస్తున్నారు.

అత్తయ్యగారు హైదరాబాద్ నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు, వీల్‌చెయిర్‌లో ఉంటారు. ఆవిడకి వీలవుతుందా?

అవుతుంది. బయటి ఊరి నుంచి వచ్చిన డిసేబిలిటీ ఉన్న విజిటర్లకి ఏడాదిలో 21 రోజులు సర్వీస్ ఇవ్వాలని రూల్ ఉంది, ఎక్కడి నుంచి వచ్చారన్నది లెక్క కాదు. వీల్‌చెయిర్‌లా కళ్ళకి కనిపించేదైతే మెడికల్ కాగితాలు అడగాల్సిన పని లేదు, కనపడనిదైతే ఏదో ఒక ఆధారం అడగొచ్చు. ఫోన్ చేసి విజిటర్ ఎలిజిబిలిటీ కావాలి అని చెప్పండి, ఆ మాట అంటే గానీ కొంతమంది ఆపరేటర్లకి అందదు.

## అప్లికేషన్ పెట్టేటప్పుడు

అప్లికేషన్‌కి ఫీజు ఎంత?

సున్నా. ఏజెన్సీ అప్లికేషన్ ఫీజు తీసుకోకూడదు. ఫారం నింపినందుకు డాక్టర్ ఆఫీసు మాత్రం డబ్బులు అడగొచ్చు, అది ఏజెన్సీ చేతిలో లేదు. అలా అడిగితే ఫిజికల్ థెరపిస్ట్, సోషల్ వర్కర్ లాంటివాళ్ళ సంతకం చెల్లుతుందా అని ఏజెన్సీని కనుక్కోండి, చాలాచోట్ల చెల్లుతుంది. ఇంటర్వ్యూకి రమ్మంటే, రావడానికి బండి పంపుతారా అని కూడా అడగండి.

అమ్మకి ఇంగ్లీష్ రాదు, ఇంటర్వ్యూలో నేను మాట్లాడొచ్చా?

మాట్లాడొచ్చు, కానీ ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే అడగడం మేలు, మీరు డబ్బు కట్టక్కర్లేదు. ఎందుకు చెప్తున్నానంటే, పిల్లలు పక్కన ఉంటే మన పెద్దవాళ్ళు పరువుకి పోయి నేను బాగానే నడుస్తానండి అనేస్తారు. అక్కడ కావాల్సింది బాగున్న రోజు సంగతి కాదు, బాగోలేని రోజు సంగతి. ఎన్ని అడుగులు వేశాక ఆగాల్సి వస్తుంది, స్టాప్‌లో కూర్చోడానికి బల్ల లేకపోతే ఎంతసేపు నిలబడగలరు, మంచు పడ్డప్పుడు ఎలా, డయాలసిస్ అయ్యాక ఎంత నీరసం, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

పెట్టి నెల దాటింది, ఇంకా ఏ జవాబూ లేదు. అప్పటిదాకా క్యాబ్‌లకి పెట్టుకోవాల్సిందేనా?

అక్కర్లేదు. అప్లికేషన్ పూర్తిగా ఇచ్చిన 21 రోజుల్లో నిర్ణయం చెప్పకపోతే, చెప్పేదాకా మిమ్మల్ని అర్హులుగానే చూసి రైడ్స్ ఇవ్వాలి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, 22వ రోజు మీరే ఫోన్ చేసి అడగాలి. పూర్తిగా అన్న మాట గుర్తుంచుకోండి, డాక్టర్ పేజీ రాకపోతే లెక్క మొదలైనట్టు కాదు.

రిజెక్ట్ చేశారు. వదిలేయాలా?

వదలొద్దు. ఎందుకు కాదన్నారో కారణాలతో రాతపూర్వకంగా ఇవ్వాలి, అప్పీల్‌కి మీకు 60 రోజులైనా టైమ్ ఉంటుంది, మీరు స్వయంగా వెళ్ళి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, మొదట కాదన్న మనిషి అప్పీల్ చూడకూడదు. మీ వాదన విన్నాక 30 రోజుల్లో తేల్చకపోతే తేలేదాకా సర్వీస్ ఇవ్వాలి. కొన్ని ట్రిప్పులకే ఓకే అని షరతులతో ఇచ్చినా దాని మీద కూడా అప్పీల్ చేయొచ్చు.

నాన్నతో ఎవరో ఒకరు వెళ్ళాల్సిందే. ఇద్దరికీ ఛార్జీ కట్టాలా?

ఫారంలో పర్సనల్ కేర్ అటెండెంట్ కావాలా అని ఒక గడి ఉంటుంది. అది టిక్ పెట్టి ఒప్పుకుంటే ఆ తోడు మనిషికి ఛార్జీ లేదు, ఎప్పటికీ ఫ్రీ. ఆ మనిషి ఉద్యోగి అవ్వాలని లేదు, ఇంట్లోవాళ్ళు కూడా కావచ్చు. టిక్ పెట్టకపోతే అదే మనిషి మామూలు తోడు కింద లెక్క, నాన్నగారు ఎంత కడితే వాళ్ళూ అంతే కట్టాలి. ఈ ఒక్క గడి వదిలేయడం వల్ల ట్రిప్పుకి డబుల్ పోతుంది, ఇప్పటికే వదిలేసి ఉంటే ఏజెన్సీకి ఫోన్ చేసి రికార్డ్ మార్పించుకోండి.

## ఛార్జీ తగ్గించుకోడానికి

ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకి పారాట్రాన్సిట్‌లో డిస్కౌంట్ నిజంగా ఉంటుందా?

కొన్ని ఊళ్ళలో ఉంది, చాలా ఊళ్ళలో లేదు, చట్టం మాత్రం బలవంతం చేయట్లేదు. ఉన్నచోట్ల కొన్ని చెప్తా.

న్యూయార్క్ సిటీలో ఫెయిర్ ఫేర్స్ అని 18 నుంచి 64 ఏళ్ళ మధ్య తక్కువ ఆదాయం వాళ్ళకి సగం ఛార్జీ ప్రోగ్రామ్ 2019లో మొదలైంది, అది సబ్‌వే బస్సులకే కాదు యాక్సెస్-ఎ-రైడ్‌కి కూడా తీసుకోవచ్చు. అప్లై చేసేటప్పుడు ఏది కావాలో ఎంచుకోమంటారు, అక్కడ అలవాటుగా సబ్‌వే నొక్కేయకండి. బోస్టన్‌లో బస్సులు, రైళ్ళు నడిపే ఎమ్‌బీటీఏ వాళ్ళు 2024 సెప్టెంబర్‌లో తక్కువ ఆదాయం ఛార్జీలు మొదలుపెట్టారు, ఫెడరల్ పేదరిక రేఖకి రెట్టింపు లోపు ఆదాయం ఉన్నవాళ్ళకి, ద రైడ్ అనే వాళ్ళ వ్యాన్ సర్వీస్‌లో 3.35 బదులు 1.70 అయ్యింది. డెన్వర్‌లో బస్సులు నడిపే ఆర్‌టీడీకి తక్కువ ఆదాయం వాళ్ళ కోసం లైవ్ అనే ప్రోగ్రామ్ ఉంది, అది వాళ్ళ పారాట్రాన్సిట్‌లో కూడా (దాని పేరూ యాక్సెస్-ఎ-రైడే) ఛార్జీ సగం చేస్తుంది. పెన్సిల్వేనియాలో లాటరీ డబ్బుతో షేర్డ్ రైడ్ అని నడుస్తుంది, 65 దాటినవాళ్ళు ఛార్జీలో 15 శాతం కడితే చాలు, మిగతా 85 శాతం లాటరీ ఫండ్ భరిస్తుంది, దానికి ఆదాయం కూడా చూడరు. 65 లోపు డిసేబిలిటీ ఉన్నవాళ్ళకి అక్కడే ఇంకో ప్రోగ్రామ్ ఉంది.

మిగతా చాలా ఊళ్ళలో తక్కువ ఆదాయం డిస్కౌంట్ బస్సు, రైలు వరకే ఆగిపోతుంది. ఏజెన్సీకి ఫోన్ చేసినప్పుడు "మీకు లో ఇన్కమ్ ఫేర్ ఉందా" అని అడిగితే ఉంది అంటారు, తీరా వ్యాన్ ఎక్కాక చెల్లదు. అందుకని "ఆ డిస్కౌంట్ పారాట్రాన్సిట్‌కి వర్తిస్తుందా" అని విడమరిచి అడగండి.

నా దగ్గర డిసేబిలిటీ హాఫ్ ఫేర్ కార్డ్ ఉంది. వ్యాన్‌లో ఎందుకు తీసుకోవట్లేదు?

ఆ సగం ఛార్జీ రూల్ మామూలు బస్సులు, రైళ్ళకి, అదీ రద్దీ లేని వేళలకి రాసిన రూల్, పారాట్రాన్సిట్‌ని అందులో కలపలేదు. మెడికేర్ (65 దాటినవాళ్ళకి, డిసేబిలిటీ ఉన్న కొందరికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కార్డ్ చూపించి వచ్చే తగ్గింపు కూడా అంతే. కానీ ఆ కార్డ్ పారేయకండి. మీ ఒంట్లో బాగున్న రోజు, స్టాప్ దగ్గరున్న చోటికి, బస్సులో వెళ్ళగలిగితే నాలుగో వంతు ఖర్చుతో పని అయిపోతుంది. లాస్ ఏంజెలెస్‌లో అయితే అక్కడి పారాట్రాన్సిట్ వాళ్ళిచ్చే యాక్సెస్ కార్డ్ ఉన్నవాళ్ళకి చాలా బస్సులు, రైళ్ళలో అసలు ఛార్జీ లేదు. బస్సు ఎక్కడం నేర్పించే ట్రావెల్ ట్రైనింగ్ చాలా ఏజెన్సీల్లో ఉచితం. ఇదంతా మీకు వీలైతేనే, వాళ్ళు మిమ్మల్ని బలవంతపెట్టలేరు.

డయాలసిస్‌కి నెలకి వందకి పైగా అవుతోంది. ఏదైనా దారుందా?

మెడికెయిడ్ ఉంటే ముందు పారాట్రాన్సిట్ బుక్ చేయడం ఆపండి. మెడికెయిడ్ ఉన్నవాళ్ళని వైద్యానికి చేర్చే బాధ్యత రాష్ట్రానిదే, ఎమర్జెన్సీ కాని వైద్య రవాణా అంటారు. కార్డ్ వెనక ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి రైడ్ కావాలంటే రైడ్స్ ఏర్పాటు చేయడానికి రాష్ట్రం పెట్టుకున్న కంపెనీకి (బ్రోకర్ అంటారు) కలుపుతారు. ఎన్ని రోజులు ముందు చెప్పాలి అనేది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, డయాలసిస్ లాంటి వాటికి ప్రతి వారం అదే టైమ్‌కి స్టాండింగ్ ఆర్డర్ పెట్టించుకోవచ్చు. కొన్ని రాష్ట్రాల్లో మీ కారులో ఇంట్లోవాళ్ళు తీసుకెళ్తే మైలుకి ఇంత అని తిరిగి ఇస్తారు కూడా, ట్రిప్ చేయకముందే అనుమతి తీసుకోవాలి.

ఈ బండ్లు ఆలస్యంగా రావడం, అసలు రాకపోవడం జరుగుతుంటుంది, నిజం దాచను. అందుకని పారాట్రాన్సిట్ ఎలిజిబిలిటీ కూడా చేతిలో ఉంచుకోండి, రాని రోజు ఉపయోగపడుతుంది. బండి రాకపోతే తేదీ, టైమ్, మాట్లాడిన మనిషి పేరు రాసుకుని ఫిర్యాదు పెట్టండి. డయాలసిస్ సెంటర్‌లో ఉండే సోషల్ వర్కర్‌ని కూడా కలవండి, ఆ ఊళ్ళో ఎవరు రైడ్‌లకి సాయం చేస్తారో వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

మెడికెయిడ్ లేదు, మెడికేర్ మాత్రమే ఉంది. ఇంకేం దారి?

మామూలు మెడికేర్ అంబులెన్స్‌కి, అదీ వైద్యపరంగా తప్పనిసరైతేనే ఇస్తుంది, వ్యాన్‌కి ఇవ్వదు. ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ అయితే కొన్నిటిలో ఏడాదికి ఇన్ని రైడ్స్ అని ఉంటుంది, ప్లాన్ పుస్తకం చూడండి. 60 దాటినవాళ్ళు ఏరియా ఏజెన్సీ ఆన్ ఏజింగ్ (పెద్దవాళ్ళకి సేవలు చూసే స్థానిక ఆఫీసు) వాళ్ళకి ఫోన్ చేయండి, వాళ్ళు ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్ డబ్బుతో నడిపే రైడ్స్‌కి ఛార్జీ ఉండదు, ఇష్టమైతే విరాళం ఇవ్వమంటారు, ఇవ్వలేకపోయినా రైడ్ ఆపకూడదు. మీ కౌంటీ ఏజెన్సీ ఏదో తెలియకపోతే ఎల్డర్‌కేర్ లొకేటర్ నంబర్ 1-800-677-1116. 60 లోపు అయితే స్థానిక సాయం వివరాలు చెప్పే 211 నంబర్‌కి ఫోన్ చేసి రైడ్ వోచర్లు ఉన్నాయా అని అడగండి.

ఉద్యోగానికి రోజూ వ్యాన్‌లోనే వెళ్తాను, జీతంలో చాలా దీనికే పోతోంది.

రెండు పనులు చేయండి. ఒకటి, డిసేబిలిటీ ఉన్నవాళ్ళకి ఉద్యోగ విషయంలో సాయం చేసే మీ రాష్ట్ర వొకేషనల్ రీహాబిలిటేషన్ ఆఫీసులో కేసు తెరవండి, ఉద్యోగం వెతుక్కునేటప్పుడు, కొత్తగా చేరినప్పుడు మీ ప్లాన్‌లో రాయించుకుంటే రవాణా ఖర్చు వాళ్ళు భరించొచ్చు. రెండు, ఎస్ఎస్ఐ కానీ ఎస్ఎస్‌డీఐ (ఇంతకుముందు పని చేసి పన్ను కట్టినవాళ్ళకి వచ్చే డిసేబిలిటీ భృతి) కానీ వస్తుంటే, డిసేబిలిటీ వల్ల తప్పనిసరై పెట్టే ప్రత్యేక రవాణా ఖర్చుని పనికి సంబంధించిన ఖర్చు కింద సోషల్ సెక్యూరిటీ వాళ్ళు మీ సంపాదనలోంచి తీసేసి లెక్కేస్తారు. రసీదులు దాచుకోండి, జీతం స్లిప్పులతో కలిపి ఇవ్వండి.

ఒక్కోసారి ఒకే చోటికి ఎక్కువ తీసుకుంటున్నారు, ఎందుకు?

ఇల్లో వెళ్ళే చోటో ముప్పావు మైలు హద్దు బయట ఉండుంటుంది, లేదా బస్సులు తిరగని వేళకి బుక్ చేసుంటారు. అక్కడ రెట్టింపు పరిమితి వర్తించదు, ప్రీమియం ఛార్జీ వేసుకోవచ్చు, బోస్టన్‌లో అది 5.60. హద్దు లోపల ఉన్న ఇంకో క్లినిక్, ఇంకో షాపు ఉందేమో చూసుకోండి. ఇల్లు మారుతున్నప్పుడు అద్దె ఎంత చూస్తారో ఈ హద్దు కూడా అంత చూడండి.

అసలు ఛార్జీనే లేని ఊళ్ళు ఉన్నాయా?

ఉన్నాయి. మామూలు బస్సు ఫ్రీ అయితే పారాట్రాన్సిట్ కూడా ఫ్రీ అవ్వాల్సిందే, సున్నాకి రెట్టింపు సున్నానే కదా. మనవాళ్ళు బాగా ఉన్న రిచ్‌మండ్, వర్జీనియాలో జీఆర్‌టీసీ అనే బస్సు ఏజెన్సీ 2020 నుంచి ఛార్జీ తీసుకోవట్లేదు, కేర్ అనే వాళ్ళ పారాట్రాన్సిట్‌కి కూడా.

## రైడ్స్ వాడుతున్నప్పుడు

బండి వచ్చినప్పుడు నేను రెడీగా లేను, నో-షో అని ఫైన్ కట్టమంటున్నారు. కట్టాలా?

నో-షోకి తప్పనిసరి ఫైన్ వేయడానికి ఫెడరల్ రూల్స్ ఒప్పుకోవు, ఆ ట్రిప్ ఛార్జీ కట్టు అని కూడా అనకూడదు. తరచుగా జరుగుతుంటే కొన్నాళ్ళు సర్వీస్ ఆపొచ్చు, దానికి ముందు నోటీస్ ఇచ్చి మీ మాట వినాలి. ఒంట్లో బాగోక, ఆసుపత్రిలో ఆలస్యమై, లేదా బండే లేటుగా వచ్చి మిస్ అయితే అవి మీ లెక్కలోకి రాకూడదు, లెటర్ రాగానే రాసి పంపండి.

డ్రైవర్‌కి టిప్ ఇవ్వాలా? చిల్లర లేకపోతే?

టిప్ వద్దు. చిల్లర ఇవ్వరు, సరిపడా ఉండాలి, లేదా ముందే అకౌంట్‌లో డబ్బు వేసుకునే ఊళ్ళలో వేసుకోండి. టికెట్ బుక్ కొంటే తగ్గింపు ఉందేమో అడగండి.

## సాయం చేయాలనుకునేవాళ్ళకి

పక్కింటి ఆవిడకి ఎస్ఎస్ఐ మాత్రమే ఆధారం, నెలకి 50 డాలర్లు ఇద్దామనుకుంటున్నా. పర్లేదా?

మనసు మంచిదే, కానీ చేతికి డబ్బు ఇవ్వకండి. నెలకి మొదటి 20 డాలర్లు వదిలేసి మిగతాది ఆదాయం కింద లెక్కేసి ఆవిడ ఎస్ఎస్ఐలో కోసేస్తారు, పైగా ఆవిడ బ్యాంకులో మొత్తం 2,000 డాలర్లు దాటకూడదు, ఆ పరిమితి 1989 నుంచి కదల్లేదు. దాని బదులు ఆవిడ పేరు మీద పారాట్రాన్సిట్ టికెట్లు కొనివ్వండి, అమ్ముకోకుండా వాడుకుంటే రవాణా టికెట్ల బహుమతిని ఆదాయంగా చూడరు. ఆవిడకి డిసేబిలిటీ 46 ఏళ్ళ లోపు మొదలైతే ఏబుల్ అకౌంట్ (డిసేబిలిటీ ఉన్నవాళ్ళ కోసం ఉన్న ప్రత్యేక పొదుపు ఖాతా) తెరిపించొచ్చు, 2026 జనవరి ముందు ఆ వయసు 26 ఉండేది. అందులో వేసింది లక్ష డాలర్ల దాకా ఎస్ఎస్ఐ లెక్కలోకి రాదు, రవాణాకి వాడుకోవచ్చు.

మా తెలుగు సంఘం ఏదైనా చేయాలనుకుంటోంది. ఏం చేస్తే బాగుంటుంది?

టికెట్ ఫండ్ పెట్టండి. ఏజెన్సీ దగ్గర టికెట్లు ఒకేసారి కొని, డయాలసిస్ సెంటర్ సోషల్ వర్కర్ల ద్వారా పంచితే ఎవరి అవసరం ఎంతో వాళ్ళే చూసుకుంటారు, పేదరికం రుజువు చేసుకోమని మనం ఎవర్నీ నిలబెట్టక్కర్లేదు. తెలుగువాళ్ళకే అని గీత గీయకండి. ఇంకోటి, ఫారాలు నింపే ఇద్దరు ముగ్గుర్ని తయారు చేయండి, పండగ ఈవెంట్‌లో ఒక టేబుల్ పెట్టినా చాలు. మన ఇళ్ళలో డిసేబిలిటీ గురించి బయటికి చెప్పుకోరు, పిల్లలు ఉద్యోగాలకి వెళ్ళిపోయాక పెద్దవాళ్ళు సబర్బ్ ఇంట్లో నాలుగు గోడల మధ్య ఉండిపోతారు, అలాంటివాళ్ళకి ఆ టేబుల్ దగ్గర ఎవరైనా తెలుగులో పలకరిస్తే గానీ ఈ సర్వీస్ ఒకటి ఉందని తెలియదు.

ఛార్జీ పెంచుతారట, మీటింగ్ పెట్టారు. మనం వెళ్ళి మాట్లాడితే ఏమైనా అవుతుందా?

అవుతుంది, వెళ్ళండి. ఫెడరల్ డబ్బు తీసుకునే ఏజెన్సీ ఛార్జీ పెంచేముందు జనం మాట వినాలి. బోస్టన్‌లో 2012 జులైలో ద రైడ్ ఛార్జీని 2 నుంచి 4 డాలర్లకి పెంచారు, జనం ట్రిప్పులు మానుకున్నారు, 2014 జనవరిలో 3కి దించాల్సి వచ్చింది. మీటింగ్‌లో మాట్లాడటానికి రెండు మూడు నిమిషాలే ఇస్తారు కాబట్టి మీ ఇంటి లెక్క చెప్పండి, నెలకి ఎన్ని ట్రిప్పులు, ఎంత అవుతోంది, దేనికోసం ఏది మానుకున్నారు. తర్వాత ఒకే ఒక్క కోరిక అడగండి: బస్సులో తక్కువ ఆదాయం వాళ్ళకి ఇస్తున్న తగ్గింపుని వ్యాన్‌కి కూడా ఇవ్వండి అని. న్యూయార్క్, బోస్టన్, డెన్వర్ ఇస్తున్నాయని పేర్లతో చెప్పండి. వెళ్ళలేకపోతే ఉత్తరం, ఈమెయిల్, వాయిస్ మెసేజ్ ఏదైనా రికార్డ్‌లోకి ఎక్కుతుంది, తెలుగులో మాట్లాడాలంటే ఇంటర్‌ప్రెటర్ కావాలని కొన్ని రోజులు ముందే చెప్పాలి. వ్యాన్ వాడేవాళ్ళతో సలహా కమిటీలు కూడా చాలా ఏజెన్సీల్లో ఉన్నాయి, ఖాళీ సీటు ఉందేమో అడిగి మీ అమ్మగారి పేరు ఇవ్వండి.